షేడింగ్ మొదలుపెట్టగానే ముఖం మసిపూసినట్టు ఎందుకవుతుంది: పోర్ట్రెయిట్‌లో వెలుగునీడల పని

గీతల వరకు పోలిక బాగానే కుదురుతోంది, షేడింగ్ మొదలుపెట్టగానే ముఖం మసిపూసినట్టయి మనిషి పదేళ్లు పెద్దగా కనిపిస్తున్నారు, ఎందుకని అడిగారు. 2బీ, 6బీ పెన్సిళ్లు (బీ అంటే మెత్తటి రకం, అంకె పెరిగేకొద్దీ ఇంకా మెత్తన, నలుపు) వాడుతున్నానని, వేలితో రుద్దుతున్నానని, ఫోన్‌లో తీసిన ఫొటో చూసి వేస్తున్నానని కూడా రాశారు. జవాబు చాలావరకు ఈ వివరాల్లోనే ఉంది. మీ చెయ్యి బాగానే తిరిగింది, లేకపోతే పోలికే వచ్చేది కాదు. వెలుగులో ఉన్న భాగమేదో, నీడలో ఉన్న భాగమేదో తేల్చుకోకుండా రెండింటినీ కలిపి రుద్దేయడమే అసలు ఇబ్బంది.

ముఖం మీద ఏ చోటు తీసుకున్నా దానికి దీపం కనిపిస్తోందా, కనిపించడం లేదా అన్నది మొదటి ప్రశ్న. కనిపిస్తే అది వెలుగు పక్షం, లేకపోతే నీడ పక్షం. చర్మం వరకు ఒక్క నియమం పట్టుకోండి: వెలుగు పక్షంలో అన్నిటికన్నా ముదురైన టోన్ (లేత ముదురుల స్థాయి) కూడా, నీడ పక్షంలో అన్నిటికన్నా లేతదాని కంటే లేతగానే ఉండాలి. జుట్టు, కనుబొమలు, గడ్డం మీసాలు, పెదవులు సహజంగానే వేరే రంగువి కాబట్టి వాటి లెక్క వేరు. చర్మం మీద మాత్రం ఈ గట్టు తెగితే ముఖం మురికిగా కనిపిస్తుంది. కాగితం తెలుపును 1, మీ పెన్సిల్ ఇవ్వగల అతి నలుపును 9 అనుకుంటే, మామూలు ఛాయ ఉన్న ముఖానికి వెలుగు పక్షం 1 నుంచి 4 వరకు, నీడ పక్షం 6 నుంచి 8 వరకు పెట్టుకోండి. 9ని ముక్కుపుటం లోపలికి, పెదవుల మధ్య సందుకు, దవడ మెడను తాకే చోటుకు దాచండి. 5ని ఖాళీగా వదిలేయడం ముఖ్యం. ఆ ఖాళీ వల్లే దూరం నుంచి చూసినా వెలుగు వెలుగుగా, నీడ నీడగా విడిపోతాయి.

బొమ్మ మురికి కావడానికి మొదటి కారణం హాఫ్‌టోన్లు, అంటే వెలుగు పక్షంలోనే ఉంటూ నీడ వైపు తిరిగే మెత్తటి టోన్లు. దీని వెనకున్న లెక్క తెలిస్తే చెయ్యి దానంతట అదే అదుపులోకి వస్తుంది. దీపానికి ఎదురుగా ఉన్న చర్మానికి పూర్తి వెలుగు అందుతుంది. అది 30 డిగ్రీలు పక్కకి తిరిగినా దాదాపు 87 శాతం అందుతూనే ఉంటుంది. 60 డిగ్రీలు తిరిగితే సగం. అక్కడి నుంచి 90 డిగ్రీల లోపు మిగతా సగమంతా పోతుంది. పైగా సగం వెలుగు మన కంటికి సగం ముదురుగా కనిపించదు, కాస్త తగ్గినట్టే అనిపిస్తుంది. కాబట్టి చెంప గుండ్రంగా తిరుగుతున్నప్పుడు చాలా దూరం వరకు టోన్ పెద్దగా మారదు. నీడ అంచు దగ్గరికి వచ్చాకే గబగబా ముదురుతుంది. కొత్తగా వేసేవాళ్లు చెంప మధ్య నుంచి నీడ వరకు సమానంగా ముదురు చేసుకుంటూ పోతారు. అప్పుడు వెలుగు పక్షంలో సగం చెంప బూడిద రంగైపోతుంది. హాఫ్‌టోన్ మొత్తాన్నీ నీడ అంచును ఆనుకున్న సన్నటి పట్టీలోకి నెట్టి, మిగతా చెంపను దాదాపు ఒకే టోన్‌లో వదిలేయండి. ముఖం వెంటనే తేటపడుతుంది.

రెండో కారణం రిఫ్లెక్టెడ్ లైట్. దవడ కింద, చెంప వెనక అంచున, మెడ మీద చుట్టుపక్కల వస్తువుల నుంచి తిరిగొచ్చిన వెలుగు నీడలో కాస్త మెరుస్తుంది. పక్కనే నీడలోని అతి ముదురు పట్టీ, అంటే కోర్ షాడో, ఉండటం వల్ల మన కన్ను దాన్ని ఉన్నదానికన్నా లేతగా చూస్తుంది. చూసినట్టే వేస్తే నీడలో ఒక వెలుగు గీత తయారై, దవడ రేకు వంచినట్టు కనిపిస్తుంది. ఒక ముక్క అట్టకు అర సెంటీమీటరు రంధ్రాలు రెండు, ఐదారు సెంటీమీటర్ల ఎడంలో చేయండి. ఫొటో మీద పెట్టి ఒక రంధ్రంలోంచి రిఫ్లెక్టెడ్ లైట్‌ను, రెండోదాంట్లోంచి వెలుగు వైపున్న హాఫ్‌టోన్‌ను చూడండి. చుట్టూ ఉన్న నలుపు కనపడదు కాబట్టి రెండింటి అసలు తేడా బయటపడుతుంది. నీడ 7 అయితే రిఫ్లెక్టెడ్ లైట్ 6 చాలు. అనుమానంగా ఉంటే ఇంకా తగ్గించండి. అది తక్కువైతే బొమ్మకు వచ్చే నష్టం చిన్నది, ఎక్కువైతే రూపమే విరిగిపోతుంది.

ఇక ఫొటో సంగతి. ఫోన్ కెమెరాలు చాలావరకు నీడల్ని తేల్చి, వెలుగుల్ని అణిచి ఫొటో ఇస్తాయి. చూడటానికి బాగుంటుంది గానీ, బొమ్మ వేయడానికి కావలసిన గట్టునే చెరిపేస్తుంది. ఫ్లాష్ వేస్తే ఇంకా అన్యాయం. వెలుగు కెమెరా పక్క నుంచే వస్తుంది కాబట్టి నీడలన్నీ ముక్కు వెనక, చెవుల వెనక దాక్కుంటాయి. మీకు కావలసింది ఒక్క దీపం. మిగతావన్నీ ఆర్పేయండి. దీపాన్ని మనిషి తలకన్నా పైన, సుమారు 45 డిగ్రీల ఎత్తులో, అంతే కోణంలో ఒక పక్కగా పెట్టండి. అవతలి చెంప మీద, కంటి కింద చిన్న వెలుగు త్రికోణం ఏర్పడేదాకా దీపాన్ని కాస్త కాస్త జరపండి. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ పేరుతో పిలిచే ఏర్పాటు ఇదే. నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా మంచిది లేదు, ఎందుకంటే ముఖంలోని ప్రతి మలుపూ ఇందులో చదవగలిగేలా ఉంటుంది.

దీపం దూరం కూడా చూసుకోండి. నుదుటికి 50 సెంటీమీటర్లు, గడ్డానికి 65 సెంటీమీటర్ల దూరంలో బల్బు ఉందనుకుందాం. వెలుగు దూరం వర్గాన్ని బట్టి తగ్గుతుంది కాబట్టి గడ్డానికి అందేది నుదుటికి అందినదాంట్లో 60 శాతం లోపే. అదే దీపం 150, 165 సెంటీమీటర్ల దూరంలో ఉంటే 80 శాతం పైనే అందుతుంది. రెండూ తప్పు కాదు. దగ్గరి దీపమైతే నుదుటి నుంచి గడ్డం దాకా టోన్ మెల్లగా దిగాలన్నది మాత్రం గుర్తుండాలి. కెమెరాను ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల దూరంలో ఉంచి జూమ్ చేసి తీయండి. అర మీటరు దగ్గర నుంచి తీస్తే ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కి పోతాయి. తీసిన ఫొటోను నలుపు తెలుపులోకి మార్చి, నీడలు నీడల్లా కనిపించేదాకా వెలుతురు తగ్గించి, అప్పుడు ముందు పెట్టుకోండి.

సామాన్లలో మొదట వేలు మానేయండి. చర్మం మీది జిడ్డు కాగితానికి అంటి, అక్కడక్కడ మచ్చలుగా తేలుతుంది. ఆ మచ్చల మీద పెన్సిల్ సరిగ్గా పట్టదు, రబ్బరుతో పూర్తిగా పోదు. కలపాలనుకుంటే కాగితం చుట్టిన స్టంప్ వాడండి, అదీ నీడ పక్షంలో మాత్రమే. వెలుగు పక్షంలో పెన్సిల్‌తోనే పొరలు పొరలుగా వేస్తే వచ్చే తేటదనం రుద్దితే రాదు. 6బీ గురించి: దాని గరుకు పొడి కాగితం గుట్టల మీద మాత్రమే నిలిచి, గుంటలు తెల్లగా మిగిలిపోతాయి. చర్మం మీద అది చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. మొదటి పొరలు వీటికన్నా గట్టిదైన హెచ్‌బీతో గుంటల్ని నింపుతూ వేసి, తర్వాత 2బీ, చివర 4బీ వాడండి. ఈ వరస తిప్పకండి. మెత్తటి పెన్సిల్ నొక్కిన చోట కాగితం నున్నబడి, దాని మీద గట్టి పెన్సిల్ జారిపోతుంది. గ్రాఫైట్‌ను ఎంత నొక్కినా ఒక హద్దు దాటాక నలుపు పెరగదు, మెరుపే పెరుగుతుంది. అసలైన గాఢ నలుపు కావాలంటే ఆ బొమ్మకు చార్‌కోల్ (బొమ్మలు వేసే బొగ్గు) ఎంచుకోవాలి. ఒకే బొమ్మలో రెండూ కలిపితే ఒకటి మెరుస్తూ, ఒకటి మాసినట్టుగా విడివిడిగా కనిపిస్తాయి. కాగితం 150 నుంచి 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు), కొద్దిగా గరుకున్నది చాలు. తల ఎత్తు 18, 20 సెంటీమీటర్లు ఉండేలా ఏ3 మీద వేయండి. తల 10 సెంటీమీటర్ల కన్నా చిన్నదైతే కంటిలో టోన్లు పెట్టే చోటే ఉండదు.

అసలు బొమ్మకు ముందు 5 అంగుళాలు మించని చిన్న నమూనా ఒకటి, పది నిమిషాల్లో, మూడే టోన్లతో వేయండి: కాగితం తెలుపు, ఒక బూడిద, ఒక నలుపు. కళ్లు, పెదవులు విడిగా గీయకూడదు. కళ్లు సగం మూసి చూస్తే వివరాలు కరిగిపోయి నీడలన్నీ ఒకే ముద్దగా కలుస్తాయి. ఆ ముద్ద ఆకారాన్నే పట్టుకోవాలి. 45 డిగ్రీల దీపం కింద అది ఎలా సాగుతుందో గమనించండి: జుట్టు కింద కణత దగ్గర మొదలై, కనుబొమ ఎముక కింద కంటి గుంటలోకి దిగి, ముక్కు పక్కగోడ మీదుగా వచ్చి, ముక్కు పడేసిన నీడతో కలిసి, చెంప ఎముక మూలను చుట్టి, నోటి కొస దగ్గర కాస్త ఇరుకై, కింది పెదవి కింది గుంటను తాకి, గడ్డం పక్క నుంచి మెడ మీది నీడలో కలిసిపోతుంది. ఒక దేశం పటంలా అంచులున్న ఆకారం అది. పోలిక సగం ఆ ఆకారంలోనే ఉంటుంది. ఈ నమూనా చూసి మనిషిని గుర్తుపట్టగలిగితేనే పెద్ద కాగితం తీయండి.

పెద్ద బొమ్మలో కంటి గీత, పెదవి గీత ఎంత జాగ్రత్తగా వేస్తారో నీడ అంచునూ అంతే జాగ్రత్తగా పలచటి గీతతో గుర్తించండి. తర్వాత ఆ ఆకారమంతా హెచ్‌బీతో ఒకే చదును టోన్, 6 దాకా, నింపేయండి. లోపల కంటిపాప ఉన్నా, పెదవి కొస ఉన్నా ఆగకండి. ఈ దశలో బొమ్మ ముసుగు వేసినట్టుగా ఉండాలి. తొందరపడి ఇక్కడే కంటిని పూర్తి చేస్తే దాని టోన్‌ను పోల్చి చూడటానికి చుట్టూ ఏమీ ఉండదు, ఖాయంగా తప్పు పడుతుంది. జుట్టుకూ, వెనక గోడకూ కూడా ఇప్పుడే టోన్ పెట్టండి. తెల్ల కాగితం పక్కన ఏ టోన్ అయినా ముదురుగా అనిపిస్తుంది. ఆ భయంతో నీడను పలచగా వదిలేసి, దానికి బదులు వెలుగు పక్షంలో వివరాలు ముదురు చేయడం మొదలవుతుంది. మురికి అక్కడి నుంచే వస్తుంది.

చదును టోన్ కుదిరాక అంచుల పని. నీడలు రెండు రకాలు. ముక్కు, దవడ, జుట్టు వేరే చోట పడేసే నీడ ఒకటి, రూపం తానే దీపానికి అవతలికి తిరగడం వల్ల వచ్చే సొంత నీడ ఇంకొకటి. పడ్డ నీడ అంచు, దాన్ని పడేసిన వస్తువు దగ్గర పదునుగా ఉండి, దూరం వెళ్లేకొద్దీ మెత్తబడుతుంది. ముక్కుపుటం మొదట్లో కత్తిరించినట్టున్న అంచు, పై పెదవి దగ్గరికి వచ్చేసరికి పొగలా మారుతుంది. సొంత నీడ అంచు ఎముకను బట్టి ఉంటుంది: కనుబొమ ఎముక, చెంప ఎముక, ముక్కు దూలం మీద గట్టిగా, కండ ఉన్న చెంప మీద, నుదురు కణత వైపు తిరిగే చోట మెత్తగా. అంచులన్నీ ఒకేలా రుద్దేస్తే ముఖం దూదిలా తయారవుతుంది, అన్నీ పదునుగా పెడితే చెక్కబొమ్మ అవుతుంది. దీపం పెద్దదై దగ్గరగా ఉంటే, కిటికీ వెలుతురులా, అన్ని అంచులూ ఒక మెట్టు మెత్తబడతాయి.

ఒక కన్నును దగ్గరగా చూద్దాం. కనుగుడ్డు బంతి, రెప్పలు దాని మీద పరిచిన మందపాటి చర్మం. కంటి తెల్లగుడ్డు తెల్లగా ఉండదు. పై రెప్ప, వెంట్రుకలు కలిసి దాని పైభాగం మీద నీడ పడేస్తాయి, రెండు కొసల వైపు బంతి తిరిగిపోతుంది. వెలుగు వైపు కన్నులో కూడా తెల్లగుడ్డుకు 3, మూలల్లో 4 పెట్టాల్సి వస్తుంది. నీడలో ఉన్న కంటికి 6. దాన్ని కాగితం తెలుపుగా వదిలితే కళ్లు బయటికి పొడుచుకొచ్చినట్టు అవుతాయి. పై రెప్ప నీడ కనుపాప (కంటిలోని రంగు వలయం) మీదుగా కూడా వెళ్లాలి. కనుపాప పైభాగం ముదురు, మెరుపు చుక్కకు ఎదురుగా ఉన్న కింది భాగం కాస్త లేత. వెలుగు కంటి ముందున్న గాజులాంటి పొరలోంచి లోపలికి వెళ్లి అవతలి వైపు పరుచుకోవడం వల్ల అలా కనిపిస్తుంది. కింది రెప్పకు గీత గీయకండి. దానికి మందం ఉంది, ఆ మందం పైకి చూస్తుంది కాబట్టి వెలుగు పట్టుకుంటుంది. కనుగుడ్డుకు, ఆ మందానికి మధ్య సన్నటి టోన్ తేడా, దాని కింద వెంట్రుకల వరుస, అంతే. మెరుపు చుక్క రెండు కళ్లలోనూ ఒకే వైపు ఉండాలి, అది కనుపాప మధ్యలో పడటం అరుదు.

ముక్కు, నోరు అయితే పలకల లెక్క. ముక్కుకు నాలుగు పలకలు: పైన దూలం, రెండు పక్క గోడలు, కింద అడుగు. పై నుంచి వెలుగు వస్తే అడుగు పలక పూర్తిగా నీడ పక్షం. రంధ్రాలు ఆ నీడలోనే ఇంకాస్త ముదురుగా కలిసిపోవాలి. వెలుగులో రెండు నల్ల చుక్కల్లా వేస్తే మాత్రం పంది ముక్కులా కనిపిస్తుంది. పై పెదవి కిందికి వంగి ఉంటుంది కాబట్టి ముదురు, కింది పెదవి పైకి చూస్తుంది కాబట్టి లేత, దాని కింద గుంట మళ్లీ ముదురు. ఈ మూడు టోన్లు సరిగ్గా ఉంటే పెదవుల చుట్టూ అవుట్‌లైన్ అక్కర్లేదు. పళ్లు కనిపిస్తే వాటి మధ్య గీతలు వేయవద్దు. చిగుళ్ల వైపు చిన్న ముదురు త్రికోణాలు పెట్టి, నోటి మూలలకు వెళ్లేకొద్దీ టోన్ పెంచండి.

వయసు పెరిగినట్టు కనిపించడానికి కారణం దాదాపు ఎప్పుడూ రెండు గీతలే: ముక్కు పక్క నుంచి నోటి వైపు దిగేది, కంటి కింది సంచి గీత. అవి గీతలు కావు, చెంప మలుపులు. ముక్కు రెక్క పక్కన సెంటీమీటరు మేర ఒక వైపు అంచు గట్టిగా, రెండో వైపు చెంపలోకి కరిగిపోయేలా మెత్తగా పెట్టి, కిందికి వచ్చేసరికి పూర్తిగా వదిలేయండి. యువతీ యువకుల ముఖంలో ఈ టోన్ చుట్టూ ఉన్నదానికన్నా ఒక్క మెట్టు కూడా ముదురు కాకూడదు, అర మెట్టు చాలు.

ముదురు ఛాయ ఉన్నవాళ్లను వేసేటప్పుడు మొత్తం బొమ్మను ఒక మెట్టు నలుపు చేస్తే సరిపోదు. వెలుగు పక్షం 3 నుంచి 5కి, నీడ 7 నుంచి 9కి జరుగుతాయి, మధ్య ఖాళీ 6 దగ్గరికి వస్తుంది. మెరుపులు మాత్రం అలా జరగవు. అవి చర్మం పై పొర నుంచి దీపం ప్రతిబింబంలా తిరిగొస్తాయి కాబట్టి 1, 2 దగ్గరే ఉంటాయి. చుట్టూ టోన్ ముదురు కావడంతో ఇంకా పదునుగా కనిపించి, రూపాన్ని చెప్పే పనిలో సగం అవే చేస్తాయి. నుదుటి ఎముక, చెంప ఎముక, ముక్కు కొన, కింది పెదవి, గడ్డం మీద వాటి ఆకారాలను నీడ ఆకారాలంత శ్రద్ధగా గీయాలి. నీడ వైపు జుట్టుకు, చెంపకు మధ్య అంచు కలిసిపోతే కలిసిపోనివ్వండి. విడదీయాలని అక్కడ గీత గీస్తే నీడ చీలిపోతుంది.

మెరుపు, ఎవరి ముఖంలోనైనా, దీపానికి సూటిగా ఎదురున్న చోట రాదు. దీపానికీ మీ కంటికీ మధ్య కోణంలోకి తిరిగిన చోట వస్తుంది. అందుకే ముక్కు కొన మెరుపు సాధారణంగా మధ్యలో కాకుండా పలకలు కలిసే మూలన చిన్నగా ఉంటుంది. పిండిలా నలిగే రబ్బరును మొనగా చేసి అద్ది తీయండి, రుద్దకండి.

ఇప్పుడు మీ దగ్గరున్న ఆ మురికి బొమ్మను పారేయనక్కర్లేదు. రెండు మూడు మీటర్లు వెనక్కి నిలబడి, కళ్లు సగం మూసి, నీడ ఎక్కడ ఆగుతుందో నిర్ణయించి ఆ అంచును గీయండి. వెలుగు పక్షమంతా మెత్తటి రబ్బరుతో అద్దుతూ రెండు మెట్లు తేల్చండి. రుద్దిన గ్రాఫైట్ పూర్తిగా పోదు, ఆ మిగిలినదాన్నే మీ 2 అనుకోండి. నీడ లోపల విడివిడిగా తెల్లగా ఉన్న చోట్లన్నీ హెచ్‌బీతో ఒకే టోన్‌కి తెచ్చి, రిఫ్లెక్టెడ్ లైట్‌ను అందులోకి ముంచేయండి. ఆ తర్వాత హాఫ్‌టోన్‌ను అంచు వెంట, ఒక వేలి వెడల్పు మించకుండా వేసి, అద్దంలో తిప్పి చూడండి. ఫోన్‌తో ఫొటో తీసి మూల ఫొటో పక్కన బొటనవేలి గోరంత చిన్నగా చేసి పోల్చండి. ఆ సైజులో రెండింటి నీడ ఆకారాలు ఒకేలా కనిపిస్తే, కనురెప్పల వెంట్రుకలు, జుట్టు పోగులు అప్పుడు మొదలుపెట్టవచ్చు. కనిపించకపోతే ఇంకా నీడ అంచు దగ్గరే పని ఉంది.